కమిటీలో నలుగురు, ప్రమాణాలు నాలుగు: కలగలుపు అంశం మీద పీహెచ్‌డీ చేసేవారు ఎవరి మాట వినాలి?

నాడీతరంగం
నాది బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ. పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నవారికి నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి కాలు ముందుకు పడదు. పాదం నేలకు అతుక్కుపోయినట్టు అవుతుంది. వాళ్లు పడిపోవడానికి అదొక పెద్ద కారణం. నడుముకు కట్టే చిన్న సెన్సర్ పంపే సంకేతాల నుంచి ఆ స్థితిని గుర్తించడం నా పని.

మొన్న వార్షిక సమీక్ష జరిగింది. ఇంజినీరింగ్ గైడు గారు "అల్గారిథమ్‌లో కొత్తదనం ఏదీ?" అన్నారు. సహ గైడుగా ఉన్న న్యూరాలజిస్టు "ఈ కొద్దిమంది రోగులు చాలరు, దీనివల్ల పడిపోవడం తగ్గిందని చూపించాలి" అన్నారు. జీవశాస్త్రం మేడమ్ "మెదడులో ఏం జరుగుతోందో ఒక్క ముక్క కూడా లేదే" అన్నారు. సామాజిక శాస్త్రం ప్రొఫెసర్ గారు "దీన్ని కట్టుకోవలసినవాళ్లను ఎవరైనా అడిగారా?" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. నాలుగూ సమీక్ష నివేదికలోకి ఎక్కాయి. వచ్చే సమీక్షలోగా నాలుగింటికీ జవాబు చెప్పాలి.

ఒక్క థీసిస్‌లో నాలుగు థీసిస్‌లు ఎలా పడతాయి? ఇలాంటి అంశాల మీద పనిచేసినవారు ఎవరి ప్రమాణాన్ని పట్టుకున్నారో చెప్పండి.

తుదిప్రతి
చివరి సంతకం ఎవరిదో వారి మాట వినండి. మిగతావారి కోసం "భవిష్యత్తు పరిశోధన" అనే అధ్యాయం ఉండనే ఉంది.

ఓపీగది
తుదిప్రతి గారి సలహాతో సంతకం రావచ్చు. కానీ వైవాలో బయటి పరీక్షకులు ఆ ప్రశ్నే వేస్తే "మా గైడు వద్దన్నారు" అని చెప్పలేం కదా.

నేను వైద్యం చేస్తూనే పీహెచ్‌డీ చేస్తున్నాను, కాబట్టి న్యూరాలజిస్టు గారి మాట సంగతి చెబుతాను. ఆయన ఒకే వాక్యంలో రెండు వేర్వేరు అధ్యయనాలు అడిగారు. పరికరం ఆ స్థితిని సరిగ్గా పట్టుకుంటోందా అన్నది ఒకటి. పట్టుకోవడం వల్ల రోగికి మేలు జరిగిందా అన్నది ఇంకొకటి. మొదటిదానికి నిపుణుడు వీడియో చూసి గుర్తించిన ఘటనలతో సెన్సర్ చెప్పినవాటిని పోల్చి, ఎన్నింటిని పట్టుకుంది, ఎన్నిసార్లు ఉత్తినే మోగింది అని లెక్క చూపిస్తే సరిపోతుంది. అలాంటి అధ్యయనాలను ఎలా నివేదించాలో చెప్పే స్టార్డ్ మార్గదర్శకాలు 2003 నుంచి ఉన్నాయి, 2015లో సవరించారు కూడా. రెండోదానికి రోగులను యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేసి, నెలల తరబడి వెంటాడి, ఎవరు ఎన్నిసార్లు పడ్డారో రాసుకోవాలి. దానికి వేరే నిధులు, వేరే బృందం కావాలి. అది ఒక విద్యార్థి మెడకు చుట్టే పని కాదు.

ఆయన దగ్గరికి వెళ్లి ఈ రెండింటిలో ఏది అడుగుతున్నారో సూటిగా అడగండి. చాలామంది వైద్యులు మొదటిది చాలని ఒప్పుకుంటారు. ఎవరూ విడదీసి అడగరు, అంతే.

గణాంకగంగ
నాడీతరంగం గారూ, ఒక ప్రశ్న. మీ ఫలితాల్లో లెక్క దేనిది? రోగులదా, సెన్సర్ సంకేతాన్ని రెండేసి సెకన్ల ముక్కలుగా కోస్తే వచ్చిన ముక్కలదా?

ఎందుకంటే ఈ రంగంలో అందరూ వాడే డాఫ్నెట్ డేటాలో ఉన్నది 10 మంది రోగులు. వారిలో కాలు నిలిచిపోయింది 8 మందికే. మొత్తం 237 ఘటనలు. దాన్నే ముక్కలు చేస్తే వేల సంఖ్య కనిపిస్తుంది. వేల ముక్కలున్నాయి కదా అని వాటిని కలిపేసి, సగంతో నేర్పించి సగంతో పరీక్షిస్తే, అదే మనిషి నడక రెండు వైపులా ఉంటుంది. మోడల్ వ్యాధిని నేర్చుకుందో ఆ మనిషిని నేర్చుకుందో తెలియదు. ఫలితం మాత్రం కళ్లు చెదిరేలా వస్తుంది.

నాడీతరంగం
గణాంకగంగ గారూ, మేం మొదటి నుంచీ రోగి వారీగానే విడదీశాం. ఒక రోగిని పూర్తిగా పక్కన పెట్టి, మిగతావారితో నేర్పించి, పక్కన పెట్టిన రోగి మీద పరీక్షించడం. అసలు చిక్కు అక్కడే వచ్చింది. అలా చేస్తే ఖచ్చితత్వం ఇప్పటికే అచ్చయిన పేపర్లలో కనిపించే అంకెల కన్నా కిందికి దిగుతుంది. "ఈ అంకెతో ఏ జర్నలూ తీసుకోదు" అని గైడు గారి బాధ.

గణాంకగంగ
అయితే మీ కొత్తదనం మీ చేతిలోనే ఉంది! పాత పద్ధతులను అదే డేటా మీద రోగి వారీగా మళ్లీ నడిపించి, మీ అంకె పక్కన పెట్టండి. పాతవాటి అంకెలూ దిగుతాయి. అప్పుడు పోలిక న్యాయంగా ఉంటుంది. ఒక అధ్యాయం నిండుగా వస్తుంది.

జీవావరణ శాస్త్రంలో ఈ గొడవ ఎప్పుడో తేలింది. ఒకే చెరువు నుంచి తీసిన ఇరవై సీసాల నీళ్లను ఇరవై చెరువులుగా లెక్కపెట్టే అలవాటు మీద హర్ల్‌బర్ట్ 1984లోనే పెద్ద పేపర్ రాశారు. ఇంజినీరింగ్‌లో ఇంకా పేపర్ల మీద పేపర్లు అదే దారిలో వస్తున్నాయి.

కణజాలం
గణాంకగంగ గారి మాట మా ల్యాబు గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఒకే ఫ్లాస్కు నుంచి ల్యాబు పళ్లెంలోని మూడు గుంటల్లోకి కణాలు పోసి "మూడుసార్లు చేశాం" అని రాసేవాళ్లు మా దగ్గర కోకొల్లలు. ఎలుకల్లోనూ అంతే. ఒకే ఈతలో పుట్టిన పిల్లలన్నీ ఒకదానికొకటి పోలి ఉంటాయి, వాటిని విడివిడి ఎలుకలుగా లెక్కపెడితే ఫలితం బలంగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది.

మా రంగంలో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. చేతిలో ఉన్నది మనం అనుకుంటున్న కణమేనా అని చూసుకోవాలి. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే అమెరికన్ క్యాన్సర్ రోగి కణితి నుంచి పెంచిన హీలా కణాలు ఎంత వేగంగా పెరుగుతాయంటే, పక్క పళ్లెంలోకి చేరితే అక్కడున్నవాటిని తొక్కేస్తాయి. వేరే వేరే అవయవాలవని పేర్లు పెట్టుకుని వాడుతున్న ఎన్నో సెల్ లైన్లు, అంటే ల్యాబులో తరతరాలుగా పెంచే కణాలు, నిజానికి హీలాయేనని 1966లో జన్యుశాస్త్రవేత్త గార్ట్‌లర్ చూపించారు. ఇప్పటికీ మా దగ్గరికి బయటి నుంచి వచ్చిన ప్రతి సీసాకూ డీఎన్‌ఏ గుర్తింపు పరీక్ష చేయించాకే పని మొదలుపెడతాం. ఒక ల్యాబు నుంచి వచ్చిన సీసా మీద ఉన్న పేరు ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. మా సహాధ్యాయి వాటితో పని మొదలుపెట్టి ఉంటే ఒక ఏడాది నేలపాలయ్యేది.

ఇక మీ జీవశాస్త్రం మేడమ్ ప్రశ్న. మీరు మెదడు స్కాన్లు తీయక్కర్లేదు. కాలు నిలిచిపోవడం చాలామందిలో పార్కిన్సన్స్‌కు ఇచ్చే మందు లెవోడోపా ప్రభావం తగ్గిపోయే వేళల్లో ఎక్కువ. రోగి చివరి మోతాదు ఎప్పుడు వేసుకున్నారో ప్రతి రికార్డింగు పక్కన రాసుకుంటున్నారా? రాసుకుంటే, మీ సంకేతాలు మందు పనిచేస్తున్నప్పుడు ఎలా ఉన్నాయి, దిగిపోయినప్పుడు ఎలా ఉన్నాయి అని విడదీయవచ్చు. జీవశాస్త్రం వైపు నుంచి అది చిన్న పని, కానీ ప్రశ్నకు నిజాయితీ గల జవాబు.

నాడీతరంగం
మోతాదు వేళ నర్సు గారి నోట్సులో ఉంది! మా డేటా పట్టికలోకి తేలేదు, అంతే. కణజాలం గారూ, ఇది నాకు తట్టనే లేదు.

జన్యుపటం
పట్టికల మాట వచ్చింది కాబట్టి పక్కదారి పడుతున్నాను, మన్నించండి. డేటా పట్టికను ఎక్సెల్‌లో తెరిచి భద్రం చేసేవారంతా కాసేపు ఆగండి. మార్చ్1, సెప్ట్2 అని జన్యువులు ఉండేవి. ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబరు 2 అని తేదీలుగా మార్చేసేది. ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన పేపర్లలో దాదాపు ఐదో వంతులో ఈ పొరపాటు ఉందని 2016లో తేలింది. చివరికి 2020లో జన్యువులకే కొత్త పేర్లు పెట్టవలసి వచ్చింది, మార్చ్ఎఫ్1, సెప్టిన్2 అని. సాఫ్ట్‌వేర్‌తో పోట్లాడి జన్యువులు ఓడిపోయిన ఘట్టం ఇదొక్కటే అనుకుంటా :)

నాడీతరంగం గారూ, మోతాదు వేళలు ఎక్కించేటప్పుడు ఆ గడిని అక్షరాలుగా పెట్టి, ఆ తర్వాతే నింపండి.

క్షేత్రబాట
అందరూ మాట్లాడారు గానీ, సామాజిక శాస్త్రం ప్రొఫెసర్ గారి ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. అలవాటే మాకు.

పడిపోతే నొక్కడానికి వృద్ధులు మెడలో వేసుకునే అలారం మీద నా పరిశోధన. పరికరం ల్యాబులో చక్కగా పనిచేస్తుంది. కానీ స్నానానికి వెళ్లేటప్పుడు చాలామంది దాన్ని తీసి గట్టు మీద పెడతారు. జారిపడే ప్రమాదం ఎక్కువగా ఉండేది తడి నేల మీదే. తడిసినా పాడవదని పెట్టె మీద రాసి ఉంటుంది. అయినా తీసేస్తారు, ఎందుకంటే తాడు తడిస్తే రోజంతా మెడకు చల్లగా తగులుతుందట. ఈ మాట ఏ ప్రశ్నావళిలోనూ రాదు. కూర్చుని మాట్లాడితేనే వస్తుంది.

మీ సెన్సర్ నడుము పట్టీకి బకిల్ ఉందా? వేళ్లు వణికే మనిషి దాన్ని తనంతట తాను పెట్టుకోగలరా? ఇంకొకరి సాయం కావాలంటే, ఆ సాయం లేని పూట మీ డేటా ఉండదు. ఆ లేని డేటా యాదృచ్ఛికంగా లేకుండా పోదు. వ్యాధి ముదిరినవారిదీ, ఒంటరిగా ఉండేవారిదీ ముందు పోతుంది. ఇది మీ అల్గారిథమ్ అధ్యాయానికి తగిలే సంగతి. దీన్ని మానవత్వం కోసం చివర చేర్చే పేరా అనుకోకండి.

వంతెన
క్షేత్రబాట గారి ఉదాహరణ బాగుంది. కానీ ఒప్పుకోను. ఇంజినీరింగ్ థీసిస్ ఇంజినీరింగ్ థీసిస్‌గానే ఉండాలి. ఇంటర్వ్యూలు చేయడమూ ఒక విద్యే, దానికీ ఏళ్ల శిక్షణ కావాలి. అది లేనివాళ్లు ఎనిమిది మందితో మాట్లాడి "వినియోగదారుల అభిప్రాయాలు" అని అధ్యాయం రాస్తే ఇటు ఇంజినీరూ మెచ్చడు, అటు సామాజిక శాస్త్రవేత్తా మెచ్చడు. అలాంటి వైవా ఒకటి చూశాను. పరీక్షకుడు బలమైన అధ్యాయాలన్నీ వదిలేసి, గంటసేపు ఆ ఒక్క అధ్యాయం మీదే కూర్చున్నారు.

పీహెచ్‌డీ అంటే ఒక ఇరుకైన చోట లోతుగా తవ్వడం. నాలుగు చోట్ల మూరెడు మూరెడు తవ్వితే ఎక్కడా నీళ్లు పడవు.

ఓపీగది
వంతెన గారూ, పల్స్ ఆక్సీమీటర్ సంగతి చూడండి. వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ చెప్పే పరికరం, 1970లలో వచ్చిన చక్కని ఇంజినీరింగ్. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన విశ్లేషణ ఏం చూపించిందంటే, పరికరం 92 నుంచి 96 శాతం అని చెప్పినప్పుడు, రక్తపరీక్షలో ఆక్సిజన్ నిజానికి 88 శాతం కన్నా తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం. చర్మం రంగు కాంతిని ఎంత పీల్చుకుంటుందన్నది భౌతికశాస్త్రం. ఎవరి వేళ్ల మీద పరీక్షించి బాగుందన్నారన్నది సామాజిక శాస్త్రం. ప్రాణం పోయేది ఆసుపత్రిలో. ఇందులో ఏ ముక్కను "మా శాఖ కాదు" అందాం?

క్షేత్రబాట
ఓపీగది గారికి తోడుగా ఇంకొకటి. ఎవరికి అదనపు వైద్య సంరక్షణ కావాలో అంచనా వేసే ఒక అల్గారిథమ్‌ను అమెరికాలో విస్తృతంగా వాడారు. అనారోగ్యం ఎంత ఉందో తెలియడానికి అది వైద్య ఖర్చును కొలతగా తీసుకుంది. వైద్యం అందనివారికి ఖర్చు తక్కువే కదా! దాంతో తెల్లజాతివారితో సమానంగా జబ్బు ఉన్నా, నల్లజాతివారు వాళ్ల కన్నా ఆరోగ్యంగా ఉన్నట్టు తేలారు. ఆ వక్రతను సరిదిద్దితే అదనపు సాయం అందే వారిలో నల్లజాతివారి వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని 2019లో సైన్స్ పత్రికలో వచ్చింది. గణితంలో తప్పు లేదు. ఏది కొలవాలన్న ఎంపికలో ఉంది.

వంతెన
పల్స్ ఆక్సీమీటర్ ఉదాహరణకు నా దగ్గర ఎదురు జవాబు లేదు. అయితే ఒక మాట. చర్మం రంగును బట్టి ఆ పరికరం కొలత మారుతుందని 1990లోనే వెంటిలేటర్ మీద ఉన్న రోగుల్లో చూపించారు. ముప్పై ఏళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అంటే తెలుసుకోవడానికి ప్రతి ఇంజినీరూ ఇంటర్వ్యూలు చేయనక్కర్లేదు, పక్క శాఖ జర్నల్ చదివితే చాలు. ప్రొఫెసర్ గారి ప్రశ్నకు ఆ శాఖలో ఇప్పటికే ఉన్న పరిశోధనను చదివి, పరికరం రూపకల్పనను దాని ప్రకారం మార్చాననీ ఎలా మార్చాననీ రాస్తే నాకు సమ్మతమే. కొత్తగా క్షేత్ర పరిశోధన చేయమంటేనే అభ్యంతరం.

క్షేత్రబాట
అది సగం మేలు. ఒప్పుకున్నాను. కానీ అదే పట్టీని కట్టుకున్న అదే మనుషులు ఎదురుగా ఉన్నప్పుడు వాళ్లనే అడగకుండా గ్రంథాలయానికి వెళ్లడం నాకు మింగుడుపడదు. పెద్ద సంఖ్య అక్కర్లేదు. ఒకే రకమైన మనుషుల్ని ఒకే విషయం అడిగితే మొదటి 12 ఇంటర్వ్యూల్లోనే ముఖ్యమైన అంశాలు దాదాపు అన్నీ బయటపడ్డాయని గ్రెగ్ గెస్ట్ అనే పరిశోధకుడి బృందం 2006లో చూపించింది. దాన్నే ఎక్కడపడితే అక్కడ మంత్రంలా వల్లించకూడదు, మనుషులు రకరకాలుగా ఉంటే చాలదు. మీ సందర్భంలో మాత్రం సరిపోవచ్చు. మా శాఖ విద్యార్థి ఒకరిని సహ రచయితగా కలుపుకోండి. శిక్షణ లేదన్న వంతెన గారి బెంగ కూడా తీరుతుంది.

రెండోఏడు
ఈ చర్చ చదువుతుంటే ధైర్యంగానూ ఉంది, భయంగానూ ఉంది. మా కమిటీలో ఇద్దరే, అయినా రాత్రి నిద్ర పట్టడం లేదు. ఇద్దరూ ఒకరినొకరు కలవరు, నాతోనే కబురంపుతారు.

వైవాముగిసింది
రెండోఏడు గారూ, మీరు ఒంటరి కాదు. బెల్జియంలోని ఫ్లాండర్స్ పరిశోధక విద్యార్థుల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో 32 శాతం మందికి మానసిక అనారోగ్యం ముప్పు ఉందని తేలింది. నిద్ర పట్టకపోవడం కొనసాగితే వైద్యుణ్ని కలవండి. దాన్ని వార్షిక సమీక్ష దాకా వాయిదా వేయవద్దు. కబుర్లు మోసే పని కూడా మానేయండి. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టడం మీ హక్కు.

నాడీతరంగం గారికి: నా పీహెచ్‌డీ పూర్తయి చాలా కాలమైంది. ఇప్పుడు నేనూ కమిటీల్లో కూర్చుంటున్నాను, అటువైపు నుంచి చెబుతాను. కమిటీ సభ్యుడు సమావేశంలో అడిగే ప్రశ్నల్లో సగం అప్పటికప్పుడు తట్టినవే. మీరు కొనసాగిస్తారా లేదా అని ఆయన లెక్కపెట్టుకోరు. నివేదికలో ఎక్కాక మాత్రం అవి శాసనంలా కనిపిస్తాయి. అందుకే ఒకే పేజీ రాయండి. పైన మీ పరిశోధన ప్రశ్న ఒక్క వాక్యంలో. కింద, ఆ వాక్యానికి సమాధానం చెప్పడానికి ఏ ఆధారం కావాలో, ఏది దాని పరిధిలోకి రాదో. నలుగురికీ ఒకే రోజు పంపి, ఒప్పుకుంటే సంతకం, కాకపోతే ఈ పేజీలో ఏ వాక్యం మార్చాలో చెప్పమని అడగండి. ఖాళీ కాగితం చూస్తే ప్రతి ఒక్కరూ తమ శాఖను అందులో రాయాలనుకుంటారు. రాసి ఉన్న వాక్యాన్ని మార్చాలంటే ఆలోచిస్తారు.

ఇంకో మాట ఖచ్చితత్వం అంకె గురించి. గైడు గారు ఎంత బాధపడినా తక్కువ అంకెనే నిలబెట్టండి. 2012లో ఆమ్‌జెన్ కంపెనీ శాస్త్రవేత్తలు క్యాన్సర్ మీద పేరుమోసిన 53 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే 6 మాత్రమే నిలిచాయి. 2015లో మనస్తత్వశాస్త్రంలో 100 అధ్యయనాలను మళ్లీ చేశారు. అసలు పేపర్లలో 97 శాతం సానుకూల ఫలితాలు చెప్పగా, మళ్లీ చేస్తే 36 శాతానికే వచ్చాయి. వైద్యం, జీవశాస్త్రం, సామాజిక శాస్త్రం ఈ దెబ్బ తిని నేర్చుకున్నాయి. మీరు ఆ దెబ్బ తినకుండానే నేర్చుకున్నారు. దాన్ని థీసిస్ మొదటి అధ్యాయంలోనే చెప్పండి.

తుదిప్రతి
వైవాముగిసింది గారి పేజీ సలహాతో నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. అంశం మారిపోతుందేమోనని మాత్రం ఎవరూ బెంగపడకండి. ఫ్రాన్సిస్ క్రిక్ మొదట నీటి స్నిగ్ధత మీద పీహెచ్‌డీ మొదలుపెట్టారు. యుద్ధంలో ఆయన పరికరం మీద బాంబు పడింది. వాట్సన్‌తో కలిసి డీఎన్‌ఏ నిర్మాణాన్ని కనుక్కున్నది 1953లో, పీహెచ్‌డీ వచ్చింది 1954లో, అదీ ప్రొటీన్ల ఎక్స్-రే అధ్యయనం మీద.

నాడీతరంగం
అందరికీ కృతజ్ఞతలు. పేజీ రాశాను. ప్రశ్న ఇది: "నడుము సెన్సర్ ఒక్కదానితో, ఇంతకుముందు ఎన్నడూ చూడని రోగిలో, మందు ప్రభావం ఉన్నప్పుడూ తగ్గినప్పుడూ కాలు నిలిచిపోవడాన్ని ఎంతవరకు గుర్తించవచ్చు?" పడిపోవడం తగ్గిందా అన్నది పరిధిలోకి రాదని రాశాను. ఓపీగది గారు చెప్పినట్టే న్యూరాలజిస్టు గారు వెంటనే ఒప్పుకున్నారు. జీవశాస్త్రం మేడమ్ మోతాదు వేళల ఆలోచన చూసి సంతోషించారు. ఇంజినీరింగ్ గైడు గారు పాత పద్ధతులను మళ్లీ నడిపించే అధ్యాయానికి సరే అన్నారు, కానీ తక్కువ అంకె గురించి ఇంకా గుంజాటనలోనే ఉన్నారు. ఇంటర్వ్యూల విషయంలో క్షేత్రబాట గారి మాటే తీసుకున్నాను, సామాజిక శాస్త్రం విభాగం నుంచి ఒక విద్యార్థిని చేరుతున్నారు. పట్టీకి బకిల్ ఉంది. ఆమె మొదటి ప్రశ్న అదే.

ఓపీగది
ఇంటర్వ్యూలు కలుపుతున్నారంటే ఎథిక్స్ కమిటీకి సవరణ దరఖాస్తు పెట్టారా? పాత సమ్మతి పత్రం సెన్సర్ డేటాకే వర్తిస్తుంది. గొంతు రికార్డు చేయడానికి వేరే సమ్మతి కావాలి. అనుమతి వచ్చేదాకా ఒక్క ఇంటర్వ్యూ కూడా మొదలుపెట్టకండి. సరదాగా మాట్లాడినది కూడా తర్వాత వాడుకోలేరు.

నాడీతరంగం
దరఖాస్తు రాస్తున్నాం. ఒక సందేహం. కొందరు రోగులకు మాట మెల్లగా వస్తుంది, పక్కనున్న భార్యో భర్తో జవాబు చెప్పేస్తున్నారు. వాళ్లను బయటికి పంపమని దరఖాస్తులో రాయాలా?

క్షేత్రబాట
పంపవద్దు. ఇద్దరినీ విడివిడిగా పాల్గొనేవారిగా నమోదు చేసి, ఇద్దరి దగ్గరా సమ్మతి తీసుకోండి. పట్టీ కట్టేది వాళ్లే కాబట్టి వాళ్ల మాటా మీకు కావాలి. రోగితో మాట్లాడేటప్పుడు ప్రశ్న అడిగాక ఎంతసేపైనా ఆగుతామని ముందే ఇద్దరికీ చెప్పండి. ఇంటర్వ్యూకి గంట అనుకుంటే రెండు గంటలని రాయండి. మందు బాగా పనిచేసే వేళకే సమయం పెట్టండి, ఆ వేళ మీ కొత్త పట్టికలోనే ఉంటుంది.